ఆకులో వంటవాడు

జూలై నెలాఖరులో అనంతపురంనుంచి కల్యాణదుర్గం దారిన బస్సులో వెళ్ళినవారికి ఈ దృశ్యం పరిచయమే. రెండువైపులా ఎర్రనేల. పడమటినుంచి ఆగకుండా గాలి. మబ్బులు కనిపిస్తాయి గాని, కురిసే తీరిక లేనట్లు తూర్పుకు పోతూనే వుంటాయి. ఆ గాలికింద కనుచూపు మేర వేరుసెనగ చేలు. అక్కడివారు శెనక్కాయ అంటారు. బుడ్డలు అనేవారూ వున్నారు. పదిహేను రోజులు చినుకు లేకపోతే, మధ్యాహ్నం వేళకు ఆ మొక్కల ఆకులు రెండేసి చొప్పున దగ్గరికి ముడుచుకొని, ఎండకు చేతులు జోడించినట్లు నిలబడతాయి. ఆ చేల నడుమ ఎక్కడో ఒక చెక్క కొర్ర వుంటుంది. అదీ బాధపడుతుంది, ఆకు అంచులు చుట్టుకుంటుంది. కాని దాని పని అంత తొందరగా మూతపడదు. ఒకే నేల, ఒకే వాన, ఒకే ఎండ. ఎందుకీ తేడా?

వేరు లోతు, విత్తిన అదను, నేల పదును అని రైతు చెప్పే కారణాలన్నీ నిజమే. వాటితోపాటు ఇంకొకటి ఆకు లోపల వుంది. అది కంటికి కనపడదు. కాని మనం తినే అన్నమూ, పోపులో నూనె, కట్టుకునే నూలుబట్ట, పొయ్యిలో కట్టె, అన్నీ దాని చేతిమీదుగా వచ్చినవే. దాని సంగతే ఈ వారం ముచ్చటించుకుందాం.

చెట్లు గాలిని తిని బతుకుతాయని చిన్నప్పుడు బళ్ళో చెప్పారు గదా! గాలి అంటే అందులోని బొగ్గుపులుసు గాలి; ఇప్పటి పిల్లలు కార్బన్ డయాక్సైడు అంటారు. ఆకు అడుగున, కొన్నిటికి పైనకూడా, సూక్ష్మమైన రంధ్రాలు వుంటాయి. పత్రరంధ్రాలంటారు వాటిని. ఆ కిటికీలగుండా బొగ్గుపులుసు గాలి లోపలికి వస్తుంది. లోపల పత్రహరితం ఎండలోని శక్తిని పట్టి సిద్ధంగా వుంచుతుంది. కాని ఎండ వున్నంతమాత్రాన, గాలి వచ్చినంతమాత్రాన వంట కాదు. నిప్పు వుంది, సరుకు వుంది. సరుకును పట్టుకొని గిన్నెలో వేసే చెయ్యి ఒకటి కావాలి. ఆ చెయ్యి ఒక మాంసకృత్తు. ఎంజైము అనబడే జాతికి చెందినది. దాని పూర్తి పేరు రిబ్యులోజ్ బిస్‌ఫాస్ఫేట్ కార్బాక్సిలేజ్ ఆక్సిజినేజ్. ఊపిరి ఆగేంత పేరు! అందుచేత శాస్త్రజ్ఞులే దాన్ని రుబిస్కో అని కుదించుకున్నారు. ఆ ముద్దుపేరు వెనుక ఒక హాస్యం వుంది. 1947లో వైల్డ్‌మన్, బానర్ అనే ఇద్దరు అమెరికన్లు పాలకూర ఆకుల రసంలో ఈ మాంసకృత్తును మొదట వేరుచేశారు. అప్పుడు దాని పని ఏమిటో తెలియదు గనుక ‘మొదటి భాగం’ అని మాత్రం పిలిచారు. 1979లో వైల్డ్‌మన్ ఉద్యోగ విరమణ సందర్భంగా జరిగిన సభలో ఐసెన్‌బర్గ్ అనే ఆయన, ఆ దేశంలో ప్రసిద్ధమైన నబిస్కో బిస్కెట్ల కంపెనీ పేరును అనుకరిస్తూ దీన్ని రుబిస్కో అన్నాడు. నవ్వుకోవడానికి పెట్టిన పేరు పాఠ్యగ్రంథాలకు ఎక్కింది.

రుబిస్కో చేసే పని చెప్పడానికి తేలిక. ఆకులో అయిదు కర్బన పరమాణువులున్న ఒక చక్కెర పదార్థం సిద్ధంగా వుంటుంది. రుబిస్కో దానికి గాలిలోంచి వచ్చిన ఒక కర్బనాన్ని తగిలిస్తుంది. ఆరు అయినవి వెంటనే మూడూ మూడుగా విడిపోతాయి. ఆ మూడేసి ముక్కలనుంచే తరువాత చక్కెర, పిండి, నూనె, పీచు, సమస్తమూ తయారవుతాయి. ఈ దారిని కనిపెట్టినవారు కాలిఫోర్నియాలో మెల్విన్ కాల్విన్, ఆండ్రూ బెన్సన్, జేమ్స్ బాషమ్. క్లోరెల్లా అనే ఆకుపచ్చని నీటినాచుకు రేడియో ధార్మికత గల కర్బనాన్ని తినిపించి, క్షణాలు లెక్కపెట్టి వేడి సారాయిలో చంపి, ఆ కర్బనం ఏయే పదార్థంలోకి చేరిందో వెదికారు. కాల్విన్‌కు 1961లో నోబెల్ బహుమానం వచ్చింది. మిగిలిన ఇద్దరికీ రాలేదు. ఆ సంగతి మీద ఇప్పటికీ రసాయన శాస్త్రజ్ఞుల్లో చర్చ నడుస్తూనే వుంటుంది.

ఇంత గొప్ప పని చేసేవాడు మహా చురుకైనవాడు అయివుంటాడని మనం అనుకుంటాం. అదే విచిత్రం. రుబిస్కో పరమ మందకొడి. మన రక్తంలో బొగ్గుపులుసు గాలిని మోయించే ఒక ఎంజైము వుంది. అది సెకనుకు పదిలక్షల దాకా అణువుల పని ముగిస్తుంది. రుబిస్కో సెకనుకు మూడునుంచి పది అణువులు. చేతివేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. వంటవాడు నెమ్మదివాడైతే ఇల్లాలు ఏం చేస్తుంది? పెళ్ళింట్లో అయితే ఇంకో పదిమందిని పిలిపిస్తారు. మొక్కలూ అదే చేశాయి. వరి, వేరుసెనగ వంటి మొక్కల ఆకులో కరిగివుండే మాంసకృత్తుల్లో ఇంచుమించు సగం ఈ ఒక్క రుబిస్కోయే. లోకంలో వున్న రుబిస్కో అంతా కలిపి తూస్తే సుమారు 70 కోట్ల టన్నులు వుంటుందని 2019లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. మాంసకృత్తుల్లో దీనంత సమృద్ధిగా వున్నది మరొకటి లేదనే చాలామంది అభిప్రాయం. ఆవు గడ్డి మేసినా, మనం పాలకూర పప్పు తిన్నా, లోపలికి పోయే మాంసకృత్తులో పెద్దవాటా ఈ వంటవాళ్ళదే.

మాంసకృత్తు కావాలంటే నత్రజని కావాలి. ఆకులోని నత్రజనిలో నాలుగోవంతు దాకా వీళ్ళ పోషణకే సరిపోతుంది. పొలానికి యూరియా బస్తా మోసే రైతు ఈ మందకొడి వంటవాడికి జీతం ఇస్తున్నాడన్నమాట. ఈ విషయంలో వేరుసెనగ అదృష్టవంతురాలు. దాని వేరు బుడిపెల్లో వున్న సూక్ష్మజీవులు గాలిలోంచి నత్రజని సంపాదించి పెడతాయి.

నెమ్మదితనం ఒక్కటే అయితే మనమే సర్దుకుపోవచ్చు. వీడికి చూపు కూడా సరిగా ఆనదు. బొగ్గుపులుసు గాలి అనుకొని ఆమ్లజనిని పట్టుకుంటాడు! ఈ సంగతి 1971లో అమెరికాలోని ఇల్లినాయ్‌లో బోవ్స్, ఆగ్రెన్ అనేవారూ, వారి సహచరులూ బయటపెట్టారు. ఆమ్లజనిని తగిలిస్తే మూడూ మూడుగా రావలసినది మూడూ రెండుగా వస్తుంది. ఆ రెండు కర్బనాల ముక్క మొక్కకు పనికిరాదు సరిగదా, పేరుకుంటే హాని. దాన్ని సరిదిద్దడానికి ఆకులోని మూడు వేరు వేరు గదులు తిప్పాలి, శక్తి ఖర్చుపెట్టాలి, చివరికి ఎంతో కష్టపడి పట్టిన బొగ్గుపులుసు గాలిలో కొంత బయటికి వదిలివేయాలి. మామూలు వేడిలో ఈ పొరపాటు సుమారు నాలుగు సార్లకు ఒకసారి జరుగుతుంది. ఎండ ముదిరినకొద్దీ ఎక్కువవుతుంది.

వాణ్ణి తిట్టేముందు వాడి పుట్టుక చూడాలి. రుబిస్కో వంశం రెండువందల నలభై కోట్ల సంవత్సరాలకంటె పూర్వపుది. అప్పటి గాలిలో ఆమ్లజని లేదనే చెప్పాలి. బొగ్గుపులుసు గాలి సమృద్ధిగా వుండేది. లేనిదాన్ని గుర్తుపట్టే అవసరం ఎవరికుంటుంది? తరువాత ఈ వంశంవారి పనివల్ల బతికిన సూక్ష్మజీవులే ఆమ్లజనిని వదిలి వదిలి ఆకాశం నింపివేశాయి. ఇప్పుడు గాలిలో నూటికి 21 పాళ్ళు ఆమ్లజని. బొగ్గుపులుసు గాలి పదివేలకు నాలుగు పాళ్ళ పైచిలుకు మాత్రమే. బియ్యంలో రాళ్ళు ఏరడం కాదిది, రాళ్ళలో బియ్యం ఏరడం. ఆ లెక్కన నాలుగుకు ఒక్క పొరపాటుతో సరిపెడుతున్నాడంటే మెచ్చుకోవలసిందే.

ఇప్పుడు మన వేరుసెనగ చేనుకు రండి. అనంతపురం ప్రాంతానికి ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. నైరుతి మేఘాలు పడమటి కనుమలమీద కురిసి ఖాళీ అయి వస్తాయి. ఈశాన్యపు మేఘాలు సముద్రంనుంచి ఇంతదూరం వచ్చేసరికి సన్నగిల్లుతాయి. ఆ కాస్త వానకూడా వరుసగా పడదు. పదును తప్పి వేరుకు నీరు అందకపోతే మొక్క మొదట చేసేది కిటికీలు మూసుకోవడం. ఎందుకంటే ఆ కిటికీలగుండానే నీరు ఆవిరై పోతుంది. వేరుసెనగ జాతి మొక్కలు ఒక్క అణువు బొగ్గుపులుసు గాలి లోపలికి తెచ్చుకోవడానికి నాలుగైదు వందల నీటి అణువులు పోగొట్టుకుంటాయి. ఎంత ఘోరమైన బేరం!

కిటికీలు మూస్తే నీరు నిలుస్తుంది. కాని లోపల వున్న బొగ్గుపులుసు గాలి క్షణాల్లో తరిగిపోతుంది. ఆమ్లజని మాత్రం తరగదు. నీరు ఆవిరై పోవడం ఆగేసరికి ఆకు వేడెక్కుతుంది. సరుకు తక్కువ, రాళ్ళు ఎక్కువ, వంటింట్లో సెగ. సరిగ్గా వాడి చూపు మరీ మందగించే పరిస్థితి. మొక్క నీటికి ఏడుస్తున్నప్పుడే లోపల పొరపాట్లు పెరిగిపోతాయి. ఆకు ముడుచుకుని నిలబడటం ఎండను తప్పించుకోవడానికే. ఒక మాట మాత్రం చెప్పాలి. ఆ పొరపాట్లను సరిదిద్దే పని పూర్తిగా దండుగ కాదు. వంట లేని సమయంలో ఆకుమీద పడే ఎండశక్తికి అది ఒక ఖర్చుదారి. లేకపోతే ఆ శక్తి పత్రహరితాన్నే కాల్చివేస్తుంది.

కొర్ర ఏం చేస్తుంది? దాని ఆకులోనూ అదే రుబిస్కో, అదే చూపు. కాని కొర్ర తన వంటవాణ్ణి వీధి అరుగుమీద కూర్చోబెట్టలేదు. ఆకు ఈనెల చుట్టూ గట్టి గోడలున్న కణాలు వలయంగా వుంటాయి; వాడు ఆ లోపలి గదిలో వుంటాడు. వెలుపలి కణాల్లో ఇంకొక ఎంజైము కాపలా కాస్తుంది. పెప్ కార్బాక్సిలేజ్ అని దాని పేరు. దానికి ఆమ్లజనితో పొరపాటు అన్నది లేదు. అది గాలి సరుకును పట్టి, నాలుగు కర్బనాల పులుసుగా మార్చి లోపలి గదికి పంపుతుంది. అక్కడ మళ్ళీ బొగ్గుపులుసు గాలి విడుదలై, మామూలుకంటె పదింతల దాకా చిక్కగా వంటవాడి చుట్టూ కమ్ముకుంటుంది. పొరపాటుకు చోటేది? కిటికీ సందు కొద్దిగా తెరిచివున్నా కాపలావాడు అందిన దాన్ని లాగేస్తాడు గనుక నీటి ఖర్చు వేరుసెనగలో సగమో, అంతకు తక్కువో అవుతుంది. వంటవాడు నిండుగా పనిచేస్తాడు గనుక తక్కువమందితో సరిపోతుంది, నత్రజనికూడా ఆదా.

ఈ ఏర్పాటును 1966లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో ఒక చక్కెర కంపెనీ ప్రయోగశాలలో పనిచేస్తున్న హాచ్, స్లాక్ అనేవారు చెరకు ఆకుల్లో నిరూపించారు. అంతకు ముందే హవాయిలో చెరకు పరిశోధకులకు దీని ఛాయలు కనిపించాయి. నాలుగు కర్బనాల పులుసును బట్టి ఈ మొక్కలకు ‘సి-4’ అని పేరు. వేరుసెనగ, వరి వగైరాలు ‘సి-3’. మన ఇళ్ళలో సి-4 జాబితా చదివితే సీమ వంటింటి కొట్టుగది చదివినట్లే వుంటుంది: కొర్ర, జొన్న, సద్ద, రాగి, సామ, అరిక, ఊద. తోటకూరకూడా ఇందులోదే. చెప్పులు లేకుండా చేలో నడిచేవారిని ఏడిపించే పల్లేరు, ఎంత పీకినా పోని గరిక, తుంగ ఇవీ సి-4లే. కందులు, ఉలవలు, పత్తి, పొద్దుతిరుగుడు మాత్రం వేరుసెనగ పక్షం.

ఒక వంశంలో అన్నదమ్ములు రెండు పక్షాల్లో వుండటం మన ఇళ్ళలో చూస్తూనేవున్నాం. మొక్కల్లోనూ అంతే. పొన్నగంటి కూర సి-3. దాని దాయాదిలో ఒకటి, నేలమీద పాకే ముళ్ళ పొన్నగంటి, సి-4. ఈ రెంటికీ నడిమి స్థితిలో వున్న దాయాదులు రెండింటిని 1986లో గుర్తించి ప్రకటించినవారు మన తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోని రాజేంద్రుడు, ప్రసాద్, రామదాస్ గార్లు. ఆ నడిమి మొక్కలకు కాపలావాడు ఇంకా కుదరలేదు. కాని పొరపాటువల్ల బయటికి పోవలసిన బొగ్గుపులుసు గాలిని లోపలి గదిలోకి మళ్ళించి తిరిగి పట్టుకొనే ఉపాయం అబ్బింది. సి-3నుంచి సి-4కు ప్రకృతి ఏ మెట్లమీదుగా నడిచిందో అవి చూపిస్తాయి. ఒక్కసారి కాదు, అరవైసార్లకు పైగా, వేరువేరు కుటుంబాల్లో ఆ నడక జరిగిందని ఇప్పుడు తెలుసు. వంటవాణ్ణి మార్చడం మాత్రం ఒక్కచోటా కుదరలేదు. అన్నిచోట్లా వంటిల్లే మారింది.

ఇంతకంటె మొండి మొక్కలు వున్నాయి. సీమలో చేనికి కంచెగా పెట్టే కిత్తనార, గుట్టలమీద బొమ్మజెముడు, నాగజెముడు. ఇవి పగలు కిటికీలు తెరవనే తెరవవు. రాత్రి చల్లదనంలో తెరిచి గాలి సరుకు పట్టి, పులుసుగా మార్చి నిలవచేసుకుంటాయి. తెల్లవారాక తలుపులు బిగించుకొని ఆ నిలవతో ఎండలో వంట చేసుకుంటాయి. ఒక్క అణువు గాలికి వీటి నీటి ఖర్చు వంద లోపే. ఈ రహస్యానికి మొదటి సాక్ష్యం ఇచ్చినవారిలో ఒకాయనకు తెలుగుదేశంతో సంబంధం వుంది. బెంజమిన్ హైన్ అనే జర్మన్ మిషనరీ, రాక్స్‌బర్గ్ దొర 1793లో కలకత్తా వెళ్ళిన తరువాత సామర్లకోటలోని కంపెనీవారి తోట చూసినవాడు. మన పెరళ్ళలో ఆకు అంచులనుంచి పిల్లలు వేసే రణపాల వుంది చూడండి, దాని ఆకు ఆయన కొరికి చూశాడు. పొద్దున పుల్లగా వుంది. మధ్యాహ్నానికి రుచే లేదు. సాయంత్రానికి కొంచెం చేదు. ఈ వింతను ఆయన 1813లో లండన్‌కు చెందిన లిన్నేయన్ సొసైటీ పెద్దకు ఉత్తరంగా వ్రాస్తే ఆ సంఘం పత్రికలో అచ్చయింది. యంత్రం లేదు, మందు లేదు, నాలుకే ప్రయోగశాల. మీ ఇంట రణపాల వుంటే పిల్లలచేత ఈ పరీక్ష చేయించవచ్చు. కొరికి ఉమ్మివేయమనండి, నమిలి మింగనివ్వకండి.

పప్పులో వేసే పావిలికూర (గంగవాయిలి అంటారు కొందరు) అన్నింటిలోకి గడుసుది. నీరున్నప్పుడు అది సి-4. నీరు కరువైతే రాత్రిపూట పులుసు నిలవచేసే పద్ధతినికూడా అందుకుంటుంది. ఈ రెండు పద్ధతులూ ఒకే కణాల్లో కలిసి నడుస్తాయని 2022లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంవారు చూపారు. అడగకుండా మొలిచిందని గట్టుమీదికి పీకి పారేస్తే రెండుమూడు రోజులదాకా వాడకుండా పడివుండే ఆ కూరను చూసి ఆశ్చర్యపడని ఇల్లాలు వుండదు.

చెరువు నాచులోనూ, సముద్రంలోని కంటికి ఆనని జీవుల్లోనూ ఈ వంటవాడే వున్నాడు; ప్రపంచంలో జరిగే వంటలో ఇంచుమించు సగం సముద్రానిదే. నీలి ఆకుపచ్చ సూక్ష్మజీవులు వాణ్ణి బుల్లి బుల్లి పెట్టెల్లో పెట్టి, లోపలికి సరుకు దట్టించి పెడతాయి. అక్కడా వంటిల్లే మారింది.

ఇదంతా చదివి, “అయితే అనంతపురం రైతు కొర్ర వదిలి శెనక్కాయ ఎందుకు పట్టుకున్నాడు, తెలివితక్కువ గదా!” అని పట్నవాసులు తీర్పు చెప్పడం నేను విన్నాను. ఆ తీర్పు నాకు సమ్మతం కాదు. ఆకు ఒక్కటే మొక్క కాదు. వేరుసెనగకు తనదైన ఓపిక వుంది. అది ఒక్క వారంలో పూసి ఊరుకునే మొక్క కాదు. నడుమ బెట్ట వస్తే ఆగి, వాన పడ్డాక మళ్ళీ పూసి ఊడలు దింపగలదు. బెట్ట సరిగ్గా ఊడలు దిగేవేళ, కాయ ఊరేవేళ వచ్చి నేల గట్టిపడితేనే దానికి చావుదెబ్బ. కాయ అమ్మితే డబ్బు, మిగిలిన తీగ పశువుకు మేత. 1986లో కేంద్ర ప్రభుత్వం నూనెగింజల సాంకేతిక మిషన్ ప్రారంభించాక గిరాకీ మరింత పెరిగింది. మరోవైపు 1983నుంచి కిలో రెండు రూపాయల బియ్యం ఊరూరా దొరికింది. కొర్రలు దంచి, చెరిగి, పొట్టు తీసి వండటం ఎవరి రెక్కల కష్టం? ఇంటి ఆడవాళ్ళదే. ఆ రోకలిపోటు తప్పితే సంతోషించని కోడలు ఎక్కడైనా వుంటుందా? అందుచేత కొర్ర పోయింది. బియ్యమూ సి-3 పంటే. కాని అది కాలవనీటిలో నిలబడి కిటికీలు బార్లా తెరుచుకొని పండిన పంట. ఎక్కడో పారిన నీరు బియ్యం రూపంలో సీమకు వస్తూవుంది.

వేరుసెనగనే ఈ నేలకు ఇంకొంచెం పొదుపరిగా చేయలేమా అని ప్రయత్నించినవారున్నారు. ఇక్కడ మన కథలోని వంటవాడు మళ్ళీ నేరుగా కనిపిస్తాడు. కర్బనంలో తేలికది 12 అనీ, కొంచెం బరువైనది 13 అనీ రెండు నిలకడైన రకాలున్నాయి. రుబిస్కోకు తేలికదంటే ఇష్టం. కిటికీలు బాగా తెరిచివుంటే వాడు ఏరుకొని తేలికదాన్నే తీసుకుంటాడు. బిగించి వుంటేనో, ఆకులో వంటవాళ్ళు ఎక్కువై సరుకు చాలకపోతేనో, బరువుదాన్నికూడా తీసుకోక తప్పదు. కనుక ఎండిన ఆకులో ఈ రెంటి పాళ్ళు కొలిస్తే, ఆ మొక్క నీటిని ఎంత పొదుపుగా వాడిందో చెప్పవచ్చు. పటాన్‌చెరువులో 1972లో స్థాపించిన ఇక్రిసాట్‌కు చెందిన నాగేశ్వరరావుగారు, బెంగుళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన ఉదయకుమార్‌గారు, ఆస్ట్రేలియాకు చెందిన ఫార్కర్, మరి ఇద్దరు సహచరులు కలిసి వేరుసెనగ రకాలమీద ఈ పని చేసి 1995లో ఫలితాలు ప్రకటించారు. దళసరి ఆకులున్న రకాల్లో చదరపు అంగుళానికి రుబిస్కో ఎక్కువ. అవి నీటిని పొదుపుగా వాడుతున్నాయి.

దీని ఉపయోగం ఏమిటంటే, కర్బనం పాళ్ళు కొలిచే యంత్రం లక్షల ఖరీదు. ఆకు వైశాల్యమూ, ఎండిన ఆకు బరువూ చూడటానికి ఒక గళ్ళ కాగితమూ, త్రాసూ చాలు. వేల మొక్కల్లోంచి ఏరుకోవలసిన విత్తన పరిశోధకులకు అది పెద్ద సదుపాయం. అయితే పొదుపరితనం ఒక్కటే చూసి ఏరితే కాయ తగ్గే రకాలు చేతికి వచ్చే ప్రమాదం వుంది. నీళ్ళున్నప్పుడు తాగి పెరగడంకూడా పంటకు అవసరమే. 1940లో తిండివనంనుంచి వచ్చిన టిఎంవి-2 రకం ఎన్నో దశాబ్దాలపాటు అనంతపురం చేలను ఏలిందంటే, దాని వెనుక ఆకు దళసరితనం కాదు, ఇంట్లో దాచుకున్న విత్తనమూ, అలవాటూ, ధైర్యమూ వున్నాయి. తరువాత కదిరి పరిశోధనా కేంద్రంవారి కె-6 వచ్చి ఆ స్థానం చాలావరకు తీసుకుంది. 2022లో జిల్లా రెండయినప్పుడు కదిరి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది గాని, విత్తనానికి జిల్లా హద్దులేముంటాయి!

వంటవాడి పొరపాటును సరిదిద్దే దారినే దగ్గర చేయాలని ఇల్లినాయ్‌వారు ఇంకా పాటుపడుతున్నారు. 2019లో పొగాకు మొక్కల్లో కొత్త అడ్డదారి అమర్చి పొలంలో నాటితే, అవి మామూలువాటికంటె నూటికి నలభై పాళ్ళు ఎక్కువ పెరిగాయి. పొగాకు పరీక్షకు అనువైన మొక్క గనుక దాన్ని ఎంచుకున్నారు. అది వేరుసెనగదాకా రావడానికి ఎంతో దూరం నడవాలి. గాలిలో బొగ్గుపులుసు గాలి పెరుగుతూవుంది గదా, మొక్కలకు మంచిదే గదా అనేవారూ వున్నారు. సి-3 మొక్కలకు కొంత మేలే. కాని దానితోపాటు వేడీ పెరిగితే పొరపాట్లూ పెరుగుతాయి. వాన పడని ఏడాది ఆ మేలు అనంతపురానికి ఎంత అందుతుందో చెప్పనక్కరలేదు.

ఈలోగా చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే సంస్థవారు ఇంకో వైపునుంచి వస్తున్నారు. వారి ప్రోత్సాహంతో ఏర్పడిన ధరణి అనే రైతుల సహకార సంఘం, చిరుధాన్యాలను సభ్యులవద్ద కొని, శుభ్రపరచి, పొట్టు తీయించి, పొట్లాలు కట్టి పట్నాలకు అమ్ముతుంది. పొట్టు తీసే పని యంత్రం చేస్తుంది గనుక కోడలికి రోకలి అక్కరలేదు. అనంతపురంలోనో, ధర్మవరంలోనో పొట్టు తీసిన కొర్రబియ్యం దొరికితే ఒక కిలో తెచ్చుకోండి. మామూలు బియ్యంకంటె కొంచెం ముందు నానబెట్టాలి. ఎసరు రెండింతలు పోయాలి. శెనక్కాయ పొడి కలుపుకొని తింటే ఆ చేలో పక్కపక్కన నిలబడ్డ ఇద్దరూ ఒకే విస్తట్లో కలుస్తారు.